శనివారం దాకా

పద్మలత భయపడటానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదు. పాలవాడు ఆలస్యంగా వస్తే దారిలో వాడికేమైందో అని, పెందలాడే వస్తే వాళ్లింట్లో ఏమైందో అని గుండె పట్టుకుంటుంది. కాశిబుగ్గలో ఆమె ఉండే గల్లీలో ఎవరింటి ముందైనా ఆటో ఆగిందంటే చాలు, చేతిలో పని వదిలేసి గుమ్మంలోకి వస్తుంది. దిగింది చుట్టాలేనని కళ్లారా చూశాక గానీ లోపలికి పోదు. "ఊరి ఫికరంతా నీకే గుత్తకిచ్చిండ్రా?" అని భర్త సారంగపాణి ఎన్నిసార్లు నవ్వాడో లెక్కలేదు. ఎవరో ఒకరు భయపడకపోతే ఇల్లు ఎలా నిలబడుతుందన్నది ఆమె ప్రశ్న.

సారంగపాణి జంపఖానాలు నేస్తాడు. ముందుగదిలో సగం మగ్గానిది, మిగతా సగంలో ఆలుమగలు సర్దుకుంటారు. ఆయన మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే ఆమె గోడవారగా కూర్చుని రాట్నం మీద నూలు కండెలు చుడుతుంది. చేతులకు పని, చెవులకు ప్రవచనం. ఫోన్‌ను రాట్నం పక్కన నిలబెట్టి ఎవరో గురువుగారి మాటలు వింటుంది. ఆయనది ఏ ఊరో, పేరేమిటో ఆమెకు తెలియదు. గొంతు మెత్తగా ఉంటుంది, అది చాలు. పని చేయడమే మనిషి వంతు, దాని ఫలం ఎప్పుడు ఎలా ఇవ్వాలో చూసుకునేది పైవాడు అంటాడాయన. ఒకసారి భారం ఆయన మీద వేశాక మళ్లీ మళ్లీ తడిమి చూసుకోకూడదంటాడు. పద్మలత కళ్లు తుడుచుకుంటూ తలూపుతుంది. ప్రవచనం అయిపోగానే దేవుడి మీద వేసిన భారమంతా తిరిగి తీసుకుని తన నెత్తినే పెట్టుకుంటుంది.

ఈ ఏడు మాత్రం ఆమె భయాన్ని చూసి ఎవరూ నవ్వలేదు. ఒక్కగానొక్క కూతురు దీప్తి. మడికొండలో కాపురం, అక్కడే కంపెనీలో ఉద్యోగం. రెండుసార్లు కడుపు నిలిచి, రెండుసార్లూ పోయింది. ఎందుకు పోయిందో డాక్టర్లు చెప్పలేకపోయారు గానీ పద్మలత చెప్పగలదు. కర్మ. ఎవరి కర్మ అన్నదొక్కటే తేలలేదు. తాను కొత్తకోడలిగా వచ్చిన ఏడు మగ్గం గుంటలోకి పాము దూరితే గావుకేకలు పెట్టి చంపించింది. అదే తగిలిందేమోనని పోయి పుట్టలో పాలు పోసొచ్చింది. అయినా మనసు కుదుటపడలేదు. ఇప్పుడు దీప్తికి మళ్లీ నెలలు నిండుతున్నాయి. డాక్టరమ్మ మంచం దిగొద్దని చెప్పింది.

సారంగపాణి మొక్కులంటే నవ్వే మనిషి. అలాంటివాడు రెండోసారి కడుపు పోయిన రోజు దవాఖాన మెట్ల మీద కూర్చుని ఎవరూ అడక్కుండానే అయ్యప్పకు మొక్కాడు. "సామీ, మల్ల నా బిడ్డ కడుపు పండితే మాల ఏసుకుంట. ఇరుముడి నెత్తిన పెట్టుకోని నీ కొండకొస్త. కాయాల్సింది నువ్వే" అన్నాడు. అన్నట్టే కార్తీకంలో మాల వేసుకున్నాడు. బీడీ మానేశాడు. తెల్లారకముందే వణుక్కుంటూ చన్నీళ్ల స్నానం, నల్లబట్టలు, చెప్పుల్లేని కాళ్లు, చాప మీద పడక. దీక్షలో ఉన్నవాళ్లు ఆడవాళ్లందరినీ పిలిచినట్టే భార్యనూ "మాతా" అనసాగాడు. ఇన్నేళ్లు "ఏమే" అని పిలిచిన నోట ఆ మాట వింటే మొదట్లో ఆమెకు నవ్వాగలేదు. నవ్వి, నవ్వినందుకు లెంపలేసుకుంది.

మాల ఆయన మెడలో ఉందిగానీ నియమాలన్నీ మోసేది ఆమె. ఎవరు ముట్టుకున్నారు, ఎవరు తుమ్మారు, ఏ గిన్నె ఎక్కడ పెట్టారు, అన్నీ ఆమెకే కావాలి. అన్నిటికన్నా ఆమెను వణికించేది ఒక్కటుంది. దగ్గరి రక్తసంబంధంలో ఎవరైనా పోతే మాల తీసేయాలి. ఆ ఏటికి ఇక కొండ లేదు. అందుకే మాల వేసుకున్నవాళ్ల ఇంటికి చావుకబురు చెప్పాల్సి వస్తే చుట్టాలు గడప దగ్గరే ఆగి అటూఇటూ చూస్తారు. దీక్ష అయిపోయేదాకా ఆయనవైపు వాళ్లలో ఎవరూ పోకూడదని పద్మలత రోజూ దీపం పెట్టి మరీ వేడుకుంటోంది. శనివారం ఇరుముడి కట్టి రైలెక్కితే ఇక వెనక్కి పిలిచేవాళ్లుండరు, గండం గట్టెక్కినట్టేనని ఆమె లెక్క.

ఆ వారంలోనే, మంగళవారం పొద్దున, వర్ధన్నపేట నుంచి తోడికోడలు సమ్మమ్మ ఫోన్ చేసింది.

"చెల్లె, మరిది పక్కనున్నడా?"

"మగ్గం మీదున్నడక్కా. ఏమైంది?"

"జర అవుతలికి రా."

పద్మలత రాట్నం వదిలి లేచింది. వాకిట్లోకి వచ్చింది.

"మీ బావకు మంచిగ లేదే. మంచం పట్టిండు. దవాఖానల ఉంచినం. ఇగ మా చేతుల లేదు, ఇంటికి తీస్కపొమ్మన్నరు. మీకు చెప్పద్దని నాతోని ఒట్టు పెట్టిచ్చుకున్నడు. తమ్ముడు మాల మీదున్నడు, వాని చెవుల పడద్దు అంటాండు. గని నాకు మనసున పడ్తలేదు చెల్లె. రేపు మరిది నన్ను నిలదీస్తె నేనేం చెప్పాలె?"

"ఎన్ని రోజులన్నరక్కా?"

"అది దేవునికే ఎరుక. రమ్మంటలేను, రావద్దంటలేను. నీ చేతుల పెడ్తాన."

ఆ బావ పేరు వెంకట్రాజం, సారంగపాణికి అన్న. తండ్రి చిన్నప్పుడే పోతే తమ్ముణ్ణి తన ముందు గుంటలో కూర్చోబెట్టుకుని పోగు పట్టడం నేర్పింది ఆయనే. ఒక మగ్గం మీద రెండు కాపురాలు నడవవని తెలిసిన రోజు, ఎవరూ పొమ్మనకముందే లేచి, మగ్గం తమ్ముడికి వదిలి, భార్య పుట్టిన ఊరు వర్ధన్నపేట పోయి కౌలు సేద్యం పట్టాడు. నేసే చేతులకు నాగలి అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. ఆ సంగతి ఆయన ఎన్నడూ ఎత్తలేదు. సారంగపాణి మరచిపోలేదు.

"నేను చెప్తాలే అక్కా" అని ఫోన్ పెట్టేసింది పద్మలత. లోపల మగ్గం చప్పుడు ఆగింది.

"ఎవలు మాతా?"

"దీప్తి, సామీ."

మాల మెడలో ఉన్న మనిషికి అబద్ధం చెప్పింది. రాట్నం ముందు కూర్చుంటే పోగు తెగుతూనే ఉంది. చెప్తే ఆయన అప్పటికప్పుడు లేచి పోతాడు. పోయినప్పుడు ఆయన కళ్లముందే బావ ప్రాణం పోతే? మాల పోయె, మొక్కు పోయె. ఇక్కడిదాకా వచ్చిన దీప్తి కడుపు ఏం కావాలి? చెప్పకపోతే? కనీసం శనివారం దాకా చెప్పకపోతే?

మధ్యాహ్నానికి ఆమెకు ఒక దారి దొరికింది. గురువుగారు చెప్పిందే కదా, భారం పైవాడి మీద వెయ్యాలని. సరే, వేసింది. బావ సంగతి ఈయనకు తెలియాలని దేవుడు అనుకుంటే తెలుస్తుంది, వద్దనుకుంటే తెలియదు. మధ్యలో తానెవరు? అలా అనుకోగానే ప్రాణం కాస్త తెరిపిన పడింది. పడగానే భర్త స్నానానికి వెళ్లడం చూసి, ఆయన ఫోన్ తీసి, సమ్మమ్మ నంబరూ, వెంకట్రాజం కొడుకు మహిపాల్ నంబరూ బ్లాక్‌లో పెట్టేసింది. విసిగించే ఫోన్లు రాకుండా ఉండటానికి దీప్తి నేర్పిన విద్య అది. దేవుడి చేతిలో పెట్టానంటూనే దేవుడు రాగల దారులన్నీ మూసి గొళ్లెం పెట్టింది. ఆ సంగతి ఆమెకు అప్పుడు తోచలేదు. తోచినా ఒప్పుకునేది కాదు.

బుధవారం పొద్దున పూజ దగ్గర గురుస్వామిని పట్టుకుంది. శ్యాంసుందర్ గురుస్వామి బస్సు డిపోలో మెకానిక్ పని చేస్తాడు, కాశిబుగ్గ స్వాములందరికీ ఆయనే పెద్ద.

"మాల ఏసుకున్న సామి బీమారున్నోళ్లను చూడబోవచ్చా?"

"పోవచ్చు తల్లీ. బీమారోన్ని చూస్తె ఏమైతది? మనిషి పోతెనే మాల తియ్యాలె."

"మరి మొక్కు?"

"మొక్కు యాడికి పోతది? వచ్చే ఏడు తీర్చుకుంటరు."

"వచ్చే ఏడుదాక ఆగే మొక్కు కాకపోతె?"

ఆయన చేతిలో హారతి పళ్లెం అలాగే పట్టుకుని ఆమె మొహంలోకి చూశాడు. "ఎవల గురించమ్మా?"

"మా వాడకట్టుల ఒకలకు" అని గబగబా అక్కడినుంచి వచ్చేసింది. ఆయన చెప్పిన మాటల్లో 'తియ్యాలె' అన్న ఒక్కటే ఆమె వెంట ఇంటిదాకా వచ్చింది.

ఆ రోజంతా ఎవరి ఫోన్ మోగినా ఆమె ఉలిక్కిపడింది. పక్కింట్లో కుక్కర్ కూత వేసినా ఉలిక్కిపడింది. భర్త బయటికి పోతే ఎవరైనా చెప్పేస్తారేమోనని, కూరగాయలకు కూడా తానే వెళ్లింది. వెళ్లాక ఇంటికి ఎవరొస్తారోనని సగం బేరంలో తిరిగొచ్చింది. సమ్మమ్మ ఆమెకు మళ్లీ చేయలేదు. చేయకపోవడం ఇంకా భయంగా ఉంది.

గురువారం రాట్నం పక్కన ఫోన్ మాట్లాడలేదు.

"ఇయ్యాల ప్రవచనం పెడ్తలేవేంది మాతా?" అన్నాడు సారంగపాణి నేస్తూనే.

"డేటా అయిపోయింది."

"నాదాంట్ల ఉంది, తీస్కో."

ఆమె తీసుకోలేదు. ఆ మెత్తటి గొంతు వినాలంటే సిగ్గుగా ఉంది. సారంగపాణి తన ధోరణిలో తాను చెప్పుకుపోతున్నాడు. "కొండకాడి అరవణ పాయసం డబ్బ మొదటిది అన్నకే ఇయ్యాలె. రైలు దిగినంక సీదా వర్ధన్నపేటకే పోదం. తినుకుంట ఎట్ల నవ్వుతడో చూడు, చిన్నపోరని లెక్క." పద్మలత కండె చుడుతున్న చెయ్యి ఆపి వంటింట్లోకి పోయి, పని లేకపోయినా గిన్నెలు కడిగింది.

అప్పుడే దీప్తి ఫోన్ చేసింది.

"అమ్మా, పెద్దబాపుకు సీరియస్ అట గదా! బాపు ఫోన్ కలుస్తలేదని మహిపాల్ అన్న నాకు చేసిండు. మీరు పోయిండ్రా?"

"నువ్వు ఫికర్ చెయ్యకు బిడ్డా, నీకు మంచిది కాదు. పండుకో."

"పోయిండ్రా లేదా?"

పద్మలత వంటింటి తలుపు దగ్గరికి లాగింది.

"బాపుకు ఎర్కనా?"

"శనివారం దాక ఆగుదమని..." అంది. తర్వాత మొత్తం బయటపడింది. "నీ కోసమేనే. మాల తీసేస్తె నీ కడుపుకేమన్న అయితె నేను బతుకుతనా? ఇంకోసారి ఆ దవాఖాన మెట్లు నేను ఎక్కలేనే."

దీప్తి ఏడుస్తుందనుకుంది పద్మలత. దీప్తి ఏడవలేదు.

"అమ్మా, నాకు భయం లేదనుకుంటానవా? రోజూ లేస్తనే కడుపు మీద చెయ్యేసుకోని చూస్కుంటాన. గని రేపు వీడు పుట్టి పెద్దగైనంక, నువ్వు పుట్టాలని మీ తాత తన అన్నను ఆఖరికి చూడకుంట చేసినం అని నేనెట్ల చెప్పుకోవాలె? ఇంక కన్ను తెరవలే, అప్పుడే వీని నెత్తిన గింత బరువు పెడ్తవా?"

పద్మలత గోడకు చేరగిలబడింది.

"నా పేరు చెప్పి బాపును ఆపకమ్మా. పో. ఇప్పుడే చెప్పు."

ఫోన్ పెట్టేశాక ముందుగదికి వచ్చేసరికి ఆమె చీర కొంగంతా తడి. మగ్గం ముందు నేల మీద కూర్చుంది. "సామీ, బావకు మంచిగ లేదట. దవాఖానోళ్లు ఇంటికి పంపిచ్చిండ్రట."

మగ్గం ఆగింది. "ఎప్పుడు తెలిసింది?"

"మంగళారం."

సారంగపాణి కూర్చునే పలక పట్టుకుని గుంటలోంచి పైకి వచ్చాడు. కండువా భుజాన వేసుకుని గడప దాటాడు. ఆమె తలుపుకు తాళం పెట్టి వెనకాలే పరుగెత్తింది.

ఖమ్మం రోడ్డు మీద బస్సు ప్రతి స్టేజీలోనూ ఆగింది. ఎక్కేవాళ్లు మూటలు సర్దుకుంటున్నారు, దిగేవాళ్లు చిల్లర అడుగుతున్నారు. ఎవరికీ తొందర లేదు. ఆయన ఫోన్ ఆమె చేతిలోనే ఉంది. మూసిన నంబర్లు తెరిచింది. తెరిచినప్పటినుంచీ అది మోగుతుందేమోనని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. మోగితే ఒక్కటే కబురు.

"నీ ఫోన్ల అక్క నంబరు బంద్ పెట్టింది కూడ నేనే" అంది మెల్లగా.

"బిడ్డ కోసం పెట్టినవా?"

"భయానికి పెట్టిన."

ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేదని ఆమెకనిపించింది.

ఇల్లు కనపడగానే పద్మలత ముందుగా వాకిట్లో చెప్పులెన్ని ఉన్నాయో చూసింది. మామూలుగానే ఉన్నాయి. సమ్మమ్మ తలుపులోనే ఎదురైంది. ఉన్నాడని కళ్లతోనే చెప్పింది.

వెంకట్రాజం మంచానికి అంటుకుపోయి ఉన్నాడు. ఒక్కో ఊపిరి తీయడానికి భుజాలు లేస్తున్నాయి. నల్లబట్టలు చూడగానే ఆయన మొహంలో సంతోషం కనపడి, వెంటనే భయంగా మారిపోయింది.

"ఎవలు చెప్పిండ్రురా నీకు? పో. పో, ఇంటికి పో." ఊపిరి అందక ఆగాడు. "ఇయ్యాల ఏం వారం?"

"బేస్తారం" అంది సమ్మమ్మ. కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "గిదే పాట మరిదీ. పొద్దుకు పదిసార్లు వారం అడుగుతాండు. శనివారం నువ్వు రైలెక్కేదాక పానం పోవద్దట. పండుకుంటె పోతదేమోనని కన్ను కూడ మూస్తలేడు."

పద్మలత ఆ మంచం వైపు చూడలేకపోయింది. తాను కాశిబుగ్గలో ఏ శనివారం కోసం ఫోన్లు మూసిందో, ఆ శనివారం కోసమే ఈ మనిషి ఇక్కడ పళ్లు బిగించి ప్రాణాన్ని పట్టుకుని ఉన్నాడు. ఆ నొప్పిని ఇన్ని రోజులు పొడిగించమని దీపం పెట్టి వేడుకుంది తానే.

సారంగపాణి మంచం పట్టె మీద కూర్చుని తల వంచాడు. "మాల తియ్యి అన్నా."

"పిచ్చోడా!"

"మాల తీసేది గురుస్వామన్న కావాలె, కన్నతల్లన్న కావాలె. అమ్మ లేదు. నాకు అమ్మవైన, నాయినవైన నువ్వే. తియ్యి. నేనీడ్నే ఉంట. నువ్వు నా కోసం ఇట్ల కొట్లాడొద్దు."

"బిడ్డ కోసం మొక్కినవురా..."

"బిడ్డను కాసేటోడు ఆయన, నా మెడల పూసలు కాదు. చేసేది చేసిన. ఇగ ఆయన దయ."

వెంకట్రాజం తల అడ్డంగా తిప్పాడు. ఆయన కళ్లు గదంతా తిరిగి తలుపు పక్కన నిలబడ్డ పద్మలత మీద ఆగాయి. "అమ్మా పద్మా, నువ్వన్న చెప్పు. వద్దని చెప్పు వానికి. నీ మాట వింటడు."

ముగ్గురూ ఆమెనే చూశారు. ఆమె వద్దంటే చాలు. ఎవరూ తప్పుపట్టరు, కూతురి కోసం తల్లి అడిగింది అంటారు. శనివారం ఇంకెంతో దూరం లేదు. ఆమెకు దీప్తి కడుపు కళ్లముందు మెదిలింది, దవాఖాన మెట్లు మెదిలాయి.

పెళ్లయి వచ్చినప్పటినుంచీ బావ ఎదుట ఆమె కూర్చోలేదు. ఆయన చేతికి నీళ్లు కూడా నేరుగా ఇవ్వలేదు, పక్కన పెట్టి తప్పుకునేది. మరదలికి అది మర్యాద. ఇప్పుడు వచ్చి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని, దుప్పటి మీద పడి ఉన్న ఆయన చేతిని తన చేతిలోకి తీసుకుంది. ఎముకలే తగిలాయి. ఆ చేతిని పైకెత్తి, భర్త మెడ దాకా తీసుకుపోయి, ఆ వేళ్లను పూసల కిందికి జరిపింది. వెంకట్రాజం లాక్కోబోయి, లాక్కునే బలం లేక, ఆమె మొహంలోకి చూసి ఊరుకున్నాడు. ఇద్దరి చేతులూ కలిసి మాలను పైకి లేపాయి. సారంగపాణి చెవి దగ్గర అది ఒకసారి చిక్కుకుంది. ఆమె రెండో చేత్తో విడిపించి తల మీదుగా తీసేసింది.

"సామి శరణం" అంది. "అయిపోయింది బావా. ఇగ నువ్వు వారం అడిగే పని లేదు. నిమ్మళంగ కన్ను మూసి పండుకో."

వెంకట్రాజం కళ్ల చివరల నుంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. తమ్ముడి చెయ్యి వెతుక్కుని పట్టుకున్నాడు. కాసేపటికి ఆయన భుజాలు లేవడం తగ్గింది, ఎన్నాళ్ల నిద్రో ముంచుకొచ్చింది. సమ్మమ్మ మాలను తీసుకుపోయి దేవుడి పటం ముందు పెట్టింది.

పద్మలత వాకిట్లోకి వచ్చి దీప్తికి ఫోన్ చేసింది. భయం ఒక్క వీసమైనా తగ్గలేదు, ఇంకా పెరిగింది కూడా.

"తీసేసినం బిడ్డా" అంది. "నా చేతులతోనే తీసిన. నువ్వెట్లున్నవ్?"